నీళ్ళ ఓడలో మా మాట

నీళ్ళ ఓడ సీరియల్‌కు ఇప్పుడు బొమ్మల కథ వస్తోందనీ, దాని మీద సమీక్ష రాసిపెట్టమనీ హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా చేతులు మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద విప్పిన పంపు. స్పీకర్ నొక్కమని మా నైనకు సైగ చేశాను. అటువైపు మాట్లాడుతున్నది ఒక అంతర్జాల పత్రిక సంపాదకుడు.

"మేడమ్, చిన్నప్పుడు ఆ సీరియల్ అంటే ప్రాణమని మీరోసారి అన్నారు కదా. తెలుగులో కూడా మొదలైంది. మీరైతే బాగా రాస్తారు."

అంతకు ముందు ఆయన పత్రికకు మా పట్టరై గురించి రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. పట్టరై అంటే మా వైపు వర్క్‌షాపు. కోయంబత్తూరులో పంపులూ మోటార్లూ బాగుచేసే పట్టరై మాది. తాత పెట్టాడు, నైన పెంచాడు, పదేళ్ళుగా నేను నడుపుతున్నాను. నైనకు డెబ్బై దాటినా రోజూ వచ్చి బేరింగు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూడందే ఆయనకు పొద్దు గడవదు.

మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చాయి. పోదనూరు రైల్వే కాలనీలో ఉండే ఒక రిటైరైన గార్డు భార్య, మోటారు రిపేరుకు వచ్చిన పరిచయంతో, ఏడాది పాటు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పింది. ఆ తర్వాత దొరికిందల్లా చదివి, ఇదిగో, ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడేది వేరు. నేను రాసిన రెండు వ్యాసాల్లోనూ ఆ ఇంటి మాటలు అక్కడక్కడ దొర్లాయి. సంపాదకుడు వాటిని ఏరి తీసేశాడు. అప్పుడు నేను ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని అప్పుడు తెలియలేదు.

ఆ సీరియల్ గురించి చెప్పాలి. ఎండిపోయిన గ్రహాల మీద కాపురాలు పెట్టినవాళ్ళకు నీళ్ళు మోసుకెళ్ళే ఓడ కథ అది. ఏ దేశం వాళ్ళు తీశారో మాకు పట్టలేదు. ఆదివారం ఉదయం తమిళ డబ్బింగులో వచ్చేది. ఓడలో ఒక కెప్టెన్, కొంతమంది నావికులు, పంపుల గదిలో ఒక ఆడ మెకానిక్. లావుగా ఉండేది. జుట్టు గుడ్డతో కట్టేసుకునేది. స్పానరు ఎడం చేత్తో పట్టుకునేది.

నాదీ ఎడం చేతి వాటమే. అన్నం దగ్గర ఎడం చెయ్యి కదిలితే అవ్వ గరిటె కాడతో కణుపుల మీద కొట్టేది. అలాంటి ఇంట్లో, నట్టింట్లో ఉన్న టీవీలో ఒక ఆడమనిషి ఎడం చేత్తో అంత పెద్ద బోల్టు విప్పుతుంటే నాకు ఒళ్ళు పొంగిపోయేది. అవ్వ కూడా ఆమెను ఏమీ అనేది కాదు.

ఒక ఆదివారం నాటి కథ మా ఇంట్లో అందరికీ గుర్తు. ఓడలో పెద్ద పంపు ఎండిపోయి గాలి పడుతుంది. ఎండిన పంపు ఎంత తిప్పినా నీళ్ళు లాగదు. ముందు దాని కడుపు నిండా నీళ్ళు పోయాలి. ఓడలో మిగిలినవి తాగే నీళ్ళు రెండు డబ్బాలే. మెకానిక్ వాటిని ఎత్తింది. కెప్టెన్ అడ్డం వచ్చాడు. ఆమె అతని చెయ్యి పక్కకు తోసి, రెండు డబ్బాలూ పంపులో కుమ్మరించింది. పంపు నీళ్ళు పట్టుకుంది.

నైన కుర్చీలోంచి లేచాడు. "చూస్తివా అమ్మిణీ! గాలి పట్టిన పంపుకు అదే వైద్యం. ఈ పడం తీసినోడు ఏదో పట్టరైలో పని చేసినోడే!"

పెద్దయ్యాక పట్టరై నాకు ఇస్తానని నైన అన్నప్పుడు బంధువులు ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం అది కొత్తగా అనిపించలేదు. ఆ పని చేసే ఆడమనిషిని నేను అప్పటికే చూసి ఉన్నాను.

బొమ్మల కథ ఫోన్లో వస్తుంది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గళ్ళు. సంపాదకుడు ఫోన్ చేసిన రోజే మధ్యాహ్నం మొదటి నుంచి మొదలుపెట్టాను. బొమ్మలు బాగున్నాయి. ఓడ అచ్చం ఆ ఓడే. కానీ పంపుల గదిలో మెకానిక్ లేదు. ఆమె వంటగదిలో ఉంది. అందరికీ టీ ఇస్తోంది. ఎండిన పంపు కథ మళ్ళీ వచ్చింది, అందులో నీళ్ళు పోసింది కెప్టెన్. ఆమె ట్రే పట్టుకుని పక్కన నిలబడింది.

అప్పటికే నాకు మండుతోంది. తర్వాత మాటలు చదివాను.

కెప్టెన్ టీవీ వార్తల తెలుగు మాట్లాడుతున్నాడు. నావికులు సినిమా తెలుగు. మెకానిక్ ఒక్కతే, "అయ్యో సామీ, ఏంటికి నన్ను తిడతా ఉండారు? టీ పొయ్యి మీదనే ఉండాది!" అంటోంది.

అది మా మాట. మా ఇంట్లో, మా మేనత్త ఇంట్లో, మా పట్టరైకి వచ్చే రైతుల నోట వినే మాట. ఆ పక్క గడిలో ఇద్దరు నావికులు పొట్ట పట్టుకుని నవ్వుతూ అంటున్నారు: "ఈవిడ ఏ గ్రహం భాష మాట్లాడుతోంది?"

నైనకు తెలుగు చదవడం రాదు. దగ్గరికి వెళ్ళి చదివి వినిపించాను. మొదటి గడికి ఆయన ముఖం వెలిగిపోయింది.

"మన పేచ్చే కదా! పుస్తకంలో మన పేచ్చు వేసినారా? ఎవరు వాండ్లు?"

రెండో గడి చదివాను. నైన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఏ గ్రహమా? ఈ గ్రహమే అనీసి రాయి," అని మళ్ళీ బేరింగు అందుకున్నాడు.

రాశాను. మూడు రోజులు పట్టింది. ఈసారి నేర్చుకున్న తెలుగులో కాక, మొదటి నుంచి చివరి దాకా ఇంటి మాటలోనే రాశాను. పంపుల గది నుంచి ఆమెను వంటగదికి ఎవరు పంపినారు, ఆమె పోసిన నీళ్ళను ఇంకొకడి చేతికి ఏంటికి ఇచ్చినారు అని అడిగాను. నాలుగైదు వందల ఏళ్ళుగా తమిళ ఊళ్ళ మధ్య, ఎవరూ బడిలో చెప్పకపోయినా, నోటి మీదే నిలుపుకున్న మాటను నవ్వులాటకు వాడుకునే హక్కు ఎవరు ఇచ్చినారు అని అడిగాను. చివర్లో బొమ్మలు గీసినవాళ్ళ మీద కూడా ఒక పేరా పెట్టాను. కొన్ని గళ్ళలో మెకానిక్ కుడి చేతి వాటంగా ఉంది. "గీసినోళ్ళు సీరియల్ ఒక్కసారి కూడా చూసినట్టు లేదు. సోమరి గీత" అన్నాను.

సంపాదకుడి దగ్గర నుంచి మర్నాడే ఫోన్ వచ్చింది.

"మేడమ్, చాలా బలంగా రాశారు. భాష మాత్రం కొంచెం సరిచేయాలి."

"ఎక్కడ సార్?"

"అంతటా," అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. "మా పాఠకులకు అర్థం కాదేమోనని."

"బొమ్మల కథలో ఇదే మాట ఉంది కదా సార్. నవ్వడానికి అర్థమైన మాట వినడానికి ఎందుకు అర్థం కాదు?"

ఆయన ఇంకో మాట ఎత్తుకున్నాడు. తెలుగు చేసినవాళ్ళు తనకు తెలిసినవాళ్ళట. మంచివాళ్ళట. హాస్యం కోసం చేశారే తప్ప ఎవరినీ కించపరచాలని కాదట. వాళ్ళ నవ్వులాట మీద రాసిన పేరా తీసేసి, మిగతాది "మామూలు తెలుగులోకి" మారిస్తే సోమవారం వేసేస్తానన్నాడు.

"మార్చను సార్."

"ఒక్కసారి ఆలోచించుకోండి. పది మంది చదివేలా ఉండాలి కదా?"

"పోయిన రెండు సార్లు మీరు మార్చినప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకుంటే ఆ నావికులతో కలిసి నేనూ నవ్వినట్టే."

ఫోన్ పెట్టేశాను. అలా మాట్లాడడం నాకు అలవాటు లేదు. కస్టమరుతో పోట్లాడగలను. చదువుకున్నవాళ్ళతో, అదీ తెలుగు చదువుకున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక బెదురు ఉండేది.

ఆ వారం మదురై నుంచి మేనత్త ఫోన్ చేసింది. నైనకు చెల్లెలు. మొగుడు పోయాక అక్కడ చీరల అంగడి ఆమే చూసుకుంటోంది. జరిగింది చెప్పాను. అంతా విని, "పోతే పోనీ. వాడు వేసినా నేను చదవగలనా? మన వాండ్లలో ఎంత మంది చదువుతారు? నువ్వు రాసింది నోటితోనే చెప్పి పంపు," అంది.

నాకు అప్పటిదాకా తట్టని సంగతి అది. మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ లేత్‌లు ఆపించి, వైండింగు గదిలో తలుపు మూసుకుని, కాగితాలు ముందు పెట్టుకుని ఫోన్లో చదివి రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. మధ్యలో ఎవరో ఇనుప పైపు కింద పడేసిన చప్పుడు కూడా పడింది. తియ్యలేదు. అత్తకు పంపాను.

అత్త దాన్ని వాళ్ళ బంధువుల గుంపులో పెట్టింది. రెండో రోజుకు పెరియకుళంలో మామిడి తోటలున్న మా దూరపు మామ ఒకాయన దాన్ని నాకే పంపి, "ఇది విన్నావా? ఎవరో బాగా చెప్పింది" అన్నాడు. గొంతు గుర్తుపట్టలేదు. తర్వాత ఎవరెవరో, ముఖం తెలియనివాళ్ళు, మాట్లాడడం మొదలుపెట్టారు. ఒక ముసలావిడ, "నేను ఫోన్లో తెలుగు వినింది ఇదే మొదులు, మన తెలుగు" అంది. అందరూ మెచ్చుకోలేదు. పిల్లల బొమ్మలకు ఇంత రాద్ధాంతమా అన్నవాళ్ళున్నారు. కోయంబత్తూరులో మా తెలుగువాళ్ళ సంఘం పెద్ద ఒకాయన పట్టరైకి వచ్చి కూర్చుని మరీ చెప్పాడు.

"మన మాట తప్పే కదమ్మా. అరవం కలిసిపోయి ఉండాది. ఆంధ్రా వాండ్లు నవ్వితే నవ్వుతారు. మనమే దిద్దుకోవాల."

"కలిసింది మామా. వాండ్ల మాటలో ఇంగ్లీషు కలవలేదా? దానికి ఎవరూ నవ్వరే?"

"నీతో మాట్లాడలేము," అని ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కాఫీ బాగుందని మాత్రం అన్నాడు.

ఆ తర్వాతి గురువారం తిరుప్పూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తమిళంలో మొదలుపెట్టి, నేను "చెప్పమ్మా" అనగానే తెలుగులోకి వచ్చేసింది.

"అక్కా, ఆ బొమ్మలు గీసేది నేనే."

చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టేశాను.

"సోమరి అనీసి చెప్పినారే, దాని గురించి మాట్లాడాల. ఆదివారం వస్తారా? ఫోన్లో వద్దు."

బస్సులో వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. ఆమె తిడితే ఎలా తిరగబడాలో కూడా. బనియన్ల కంపెనీలున్న సందులో మేడ మీద రెండు గదుల ఇల్లు. పాతికేళ్ళు ఉంటాయేమో. పగలు ఒక కంపెనీలో టీషర్టుల మీద వేసే బొమ్మలు గీస్తుంది, సాయంత్రాలు ఈ కథ. గదిలో చాప పరిచి, గీతల పలక తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడండక్కా. ఇది నేను గీసి పంపింది."

అన్ని గళ్ళలోనూ మెకానిక్ ఎడం చేతి వాటమే.

"మాటలు పెట్టేదానికి చోటు చాలకపోతే వాండ్లు బొమ్మను అద్దంలో మాదిరి తిప్పేస్తారు. అప్పుడు కుడి చెయ్యి అవుతాది. నేను ఆ సీరియల్ ఎన్ని తడవలు చూసినానో నాకే తెలీదు. మా అమ్మ సీడీలు కొనిపెట్టింది. ఆ మెకానిక్ కోసమే ఈ పని ఒప్పుకున్నాను."

నాకు సిగ్గేసింది. బస్సులో సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ పనికిరాలేదు.

"తప్పు నాదే. అడక్కుండా అనేసినాను," అన్నాను.

"సరి, పోనీండి. ఇంకొకటి అడగాల." గొంతు తగ్గించింది. "కథ వాండ్లదే. నేను గీసేది వాండ్లు పంపే తమిళ మాటలు చూసి. తెలుగు మాటలు తర్వాత వాండ్లు ఆడ ఆఫీసులో వేస్తారు. నాకు తెలుగు చదివేదానికి రాదక్కా. మీ వాయిస్ వినిందాకా ఆమె చేత ఏమి మాట్లాడించినారో నాకు తెలీదు. మొత్తం చదివి చెప్తారా?"

ఆ పిల్ల తన చేత్తో గీసిన బొమ్మ నోట తన ఇంటి మాట పెట్టి లోకం నవ్వుతుంటే, ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు. అప్పుడు నాకు వచ్చిన కోపం సమీక్ష రాసినప్పటి కోపం కంటే పెద్దది.

మొదటి నుంచి చదివాను. ఆమె ఒక్కో బొమ్మా జరుపుతూ వింది. నవ్వలేదు. "టీ పొయ్యి మీదనే ఉండాది" అన్న గడి దాటి కొంచెం ముందుకు వెళ్ళామో లేదో, లోపలి నుంచి వాళ్ళమ్మ కేకేసింది.

"కాఫీ పొయ్యి మీదనే ఉండాది, పోసేదా?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. "పొయ్యమ్మా," అని మాత్రం అంది.

అక్కడి నుంచి ఇంటికి రాగానే ఇంకో రికార్డు చేశాను. బొమ్మలు గీసిన మనిషి మీద నేనన్నది అబద్ధమనీ, అడగకుండా అన్నాననీ, ఆమెకు క్షమాపణ చెబుతున్నాననీ, మిగతాదంతా అన్నది అన్నట్టే ఉంటుందనీ చెప్పాను. కొందరికి ఇది సంబరమైంది. "చూస్తిరా, వెనక్కి తీసుకునింది" అన్నారు. నేను వెనక్కి తీసుకున్నది ఒక్క పేరానే. తప్పు ఒప్పుకున్నవాళ్ళకు మిగతా మాటల మీద హక్కు పోదని నా నమ్మకం. సంఘం పెద్దకు కూడా అదే చెప్పాను.

ఆ అమ్మాయి బొమ్మలు పంపడం ఆపేసింది. నేను ఆపమనలేదు. తెలిసి భయపడ్డాను కూడా. "పని పోతే?" అంటే, "సుమ్మా ఉండండక్కా, బెంగ వద్దు, టీషర్టులు ఉండాయి కదా," అంది. కథ వేసేవాళ్ళకు మూడు షరతులు రాసి పంపింది. బొమ్మ తిప్పకూడదు. మెకానిక్‌ను పంపుల గదికి పంపాలి. ఆమె మాటను నవ్వులాట చెయ్యకూడదు. మూడు వారాలు కొత్త బొమ్మ రాలేదు. పాతవే మళ్ళీ వేశారు. నాలుగో వారం ఒప్పుకున్నామని వాళ్ళ నుంచి కబురు వచ్చింది.

సంపాదకుడు సంతోషంగా ఫోన్ చేశాడు. "మీ వాయిస్ ప్రభావమే మేడమ్! చూశారా కొత్త భాగం? మెకానిక్ ఇప్పుడు చక్కటి తెలుగు మాట్లాడుతోంది."

తీసి చూశాను. ఆమె పంపుల గదిలో ఉంది. స్పానరు ఎడం చేతిలో ఉంది. బొమ్మ ఎంత బాగుందంటే కాసేపు మాటల వైపు చూడబుద్ధి కాలేదు. తర్వాత చదివాను. నైనకూ వినిపించాను.

"పంపులో గాలి చేరినది. తక్షణమే నీరు పోయవలెను."

"ఎవరు చెప్పేది, కెప్టెనా?" అన్నాడు నైన.

"కాదు నైనా, ఆమే."

"ఆమె ఇట్లా మాట్లాడదే!"

సంపాదకుడికి నేనే ఫోన్ చేశాను. "టీ ఇచ్చేటప్పుడు, నవ్వించేటప్పుడు మా మాట పనికొచ్చింది సార్. పంపు బాగుచేసే చోటికి వచ్చేసరికి తీసేశారు. ఇది చక్కదిద్దడం కాదు. పంపు బాగుచేస్తూ మా మాట మాట్లాడాలి ఆమె. ఎవరూ నవ్వకూడదు."

"మేడమ్, మీకు ఏం చేసినా తృప్తి ఉండదా?"

"ఇంతమాత్రానికి ఉండదు సార్."

తిరుప్పూరు అమ్మాయికి నా పట్టుదల కొంచెం ఎక్కువనిపించింది. "ఇంతైనా అయింది కదక్కా. చెయ్యి చేతి చోట ఉండాది. ఆమె గదికి ఆమె వచ్చేసింది," అంది. గీసేది ఆమె, ఆమె చూపు ఆమెది. కాదనలేదు. కానీ రెండో సమీక్ష రాశాను, మళ్ళీ ఇంటి మాటలోనే. ముందు నోటితో చెప్పి అత్తకు పంపాను, తర్వాత కాగితం సంపాదకుడికి పంపాను.

పది రోజులు ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. పదకొండో రోజు వేశాడు. ఒక్క మాట మార్చలేదు. కింద మాత్రం చిన్న అక్షరాల్లో మా మాటలు పద్నాలుగు ఏరి, వాటికి అర్థాలు ఇచ్చాడు. ఏంటికి అంటే ఎందుకు, ఆడ అంటే అక్కడ, పేచ్చు అంటే మాట.

వేసినందుకు ధన్యవాదాలు చెప్పి, ఒక మనవి రాశాను. సమీక్షలో నేను ఎత్తి రాసిన మెకానిక్ మాటల్లో చేరినది, తక్షణమే, వలెను అనేవి మా వైపు వాళ్ళకు తెలియవు కాబట్టి, వాటికి కూడా అర్థాలు కింద వెయ్యమని. ఆయన ఇంకా వెయ్యలేదు. వారానికోసారి గుర్తుచేస్తున్నాను.